కుక్కకు కడుపు చెడితే ఎంతసేపు చూడొచ్చు?

మామిడిపళ్లు, పెళ్లిభోజనాలు, ఎండలు ఒకేసారి మీదపడే రోజులివి. పెంపుడు జంతువుల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కుక్కల వాంతులు, విరేచనాల గురించే. ఎవరి ఉత్తరం చూసినా చివరికి అడిగింది ఒక్కటే: రేపటిదాకా చూడొచ్చా, ఇప్పుడే తీసుకెళ్లాలా? అందుకే వాటిని ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు నాలుగేళ్లు, 30 కిలోలు ఉంటుంది. నిన్న పక్కింటి పెళ్లిలో ఎవరో మటన్ బిర్యానీ పెట్టారట. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకుంది, పొద్దున్నుంచి మూడుసార్లు పల్చగా వెళ్లింది. తోక మాత్రం ఊపుతూనే ఉంది. ఒకరు రోజంతా పస్తు ఉంచమంటున్నారు, ఇంకొకరు వెంటనే సెలైన్ ఎక్కించమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే ముక్క తోక గురించి రాసిందే. వాంతులు ఎన్ని, విరేచనాలు ఎన్ని అని లెక్కపెట్టడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. లెక్క కూడా కావాలి, కానీ అంతకన్నా ముందు కుక్కను చూడాలి. నాలుగుసార్లు పల్చగా వెళ్లినా గేటు చప్పుడైతే లేచి వచ్చే పెద్ద కుక్కకు ఒకరోజు గడువివ్వవచ్చు. ఒక్క వాంతే చేసుకున్నా మూలకు పోయి, పిలిస్తే తలెత్తని కుక్కకు ఆ గడువు లేదు.

ఇంట్లో చూడాల్సినవి ఇవి. పైపెదవి ఎత్తి చిగురు తాకండి. తడిగా, గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చిగురు జిగటగా వేలికి అంటుకుంటుంటే ఒంట్లో నీరు తగ్గినట్టే. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి. మెడ వెనక, భుజాల మధ్య చర్మాన్ని పట్టి ఎత్తి వదలండి. వెంటనే సర్దుకోవాలి. ముసలి కుక్కల్లో, బక్కచిక్కిన వాటిలో చర్మం ఎలాగూ వదులే కాబట్టి ఈ పరీక్షను వాటి విషయంలో నమ్మొద్దు.

ముక్కు చల్లగా ఉందా వెచ్చగా ఉందా అన్నదాన్ని బట్టి జ్వరం తేల్చే అలవాటు మానేయండి. మనుషులకు వాడే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కుక్క కోసం విడిగా ఉంచుకుని, మొనకు వాజలైన్ రాసి, ఆసనంలో రెండు సెంటీమీటర్ల లోతున పెట్టి చూడండి. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. మనకు జ్వరమనిపించే 101 కుక్కకు జ్వరం కాదు. 103 దాటితే జ్వరం. 99 కన్నా తగ్గి, కుక్క నీరసంగా ఉంటే అది జ్వరంకన్నా చెడ్డ గుర్తు.

మీ లాబ్రడార్ ఇవన్నీ దాటితే ఇంట్లోనే చూసుకోవచ్చు. చివరి వాంతి తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటలు తిండి ఆపండి, రోజంతా పస్తు అక్కర్లేదు. వాంతుల్లేకుండా విరేచనాలే అయితే ఆ విరామం కూడా అవసరం లేదు, పేగు గోడ కోలుకోవడానికి తేలికపాటి తిండే సాయం చేస్తుంది. నీళ్ల గిన్నె నిండుగా ముందు పెడితే గటగటా తాగి మళ్లీ కక్కుతుంది. వాంతి ఆగిన గంటకు నాలుగైదు పెద్ద చెంచాల నీళ్లు, ఆ తర్వాత అరగంటకోసారి అంతే. మూడు గంటలు కడుపులో నిలిస్తే కొలత పెంచండి. ఈ బరువు కుక్కకు మామూలు రోజున లీటరున్నర పైచిలుకు నీరు కావాలి. విరేచనంలో పోయేది దానికి అదనం.

తిండి మొదలెట్టేటప్పుడు తోలు, ఎముక, కొవ్వు లేని చికెన్‌ను ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి ఏదీ లేకుండా ఉడికించి చిదమండి. ఒక పాలు చికెన్‌కు రెండు మూడు పాళ్లు గంజి వార్చకుండా మెత్తగా వండిన అన్నం. తొలిరోజు మామూలు తిండిలో సగమే, దాన్ని నాలుగైదు పూటలుగా పెట్టండి. విరేచనం గట్టిపడ్డాక ఇంకో రెండు రోజులు ఇదే పెట్టి, ఆపైన మూడు నాలుగు రోజుల్లో పాత తిండిని కొంచెం కొంచెంగా కలుపుతూ రండి. గట్టిపడిన మర్నాడే మళ్లీ పెడిగ్రీ గిన్నె నింపేయడం వల్ల తిరగబెట్టేవే ఎక్కువ.

ఇది పెళ్లి బిర్యానీ కాబట్టి మరో మూడు సంగతులు. మొదటిది కొవ్వు. నెయ్యి, మటన్ కొవ్వు ఒక్కసారిగా పడితే ఒకటి రెండు రోజుల్లో క్లోమం వాచవచ్చు. అప్పుడు వాంతులు ఆగవు. కుక్క ముందుకాళ్లు నేలకు ఆనించి, వెనకభాగం పైకెత్తి వంగుతుంది, పొట్ట తాకనివ్వదు. ఆ భంగిమ కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రి. రెండోది ఉల్లి. కిలో బరువుకు 15 గ్రాములు దాటిన పచ్చి ఉల్లి కుక్క ఎర్రరక్త కణాలను చితకగొడుతుంది. మీ కుక్క లెక్కన అర కిలోకు దగ్గర, ఒక ప్లేటు బిర్యానీలో అంత ఉండదు. కానీ వేయించిన ఉల్లిలో నీరు పోయి సారం చిక్కబడుతుంది. పైగా దాని దెబ్బ మూడు నుంచి ఐదు రోజుల తర్వాత బయటపడుతుంది కాబట్టి ఈ వారమంతా చిగుళ్లు పాలిపోతున్నాయా, మూత్రం ముదురు రంగులో వస్తోందా చూస్తుండండి. మూడోది ఎముక. తిన్న ప్లేటులో ఎముకలుంటే కింద టెంక గురించిన జవాబు మీకూ వర్తిస్తుంది.

ఇరవై నాలుగు గంటల్లో తగ్గుముఖం పట్టకపోయినా, మధ్యలో తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా, వాంతిలో కాఫీపొడి కలిపినట్టు నల్లని రవ్వలు కనిపించినా, విరేచనం తారులా నల్లగా జిగురుగా ఉన్నా ఇక చూడొద్దు. కాలేయం ముక్కలు పెట్టినా, ఐరన్ టానిక్ తాగించినా మలం నల్లబడుతుందని మాత్రం గుర్తుంచుకోండి, డాక్టరుకు ఆ మాట చెప్పండి.

ప్రశ్న: రెండున్నర నెలల పిల్లను పది రోజుల కింద తెచ్చుకున్నాం. ఒక టీకా వేయించారట. నిన్న సాయంత్రం నుంచి తినడం లేదు, తెల్లనురుగు కక్కుతోంది, పొద్దున విరేచనం అయింది, వాసన భరించలేకుండా ఉంది. రేపు ఆదివారం. ఉప్పు, చక్కెర నీళ్లు తాగిస్తూ సోమవారం దాకా ఆగొచ్చా?
– కరీంనగర్

జవాబు: ఆగొద్దు. ఈ పత్రిక మీ చేతికి వచ్చేలోపు మీ పిల్ల సంగతి ఏదో ఒకటి తేలిపోయి ఉంటుంది కాబట్టి, ఇలాంటి పిల్ల ఇంట్లో ఉన్న మిగతావారి కోసం వివరంగా రాస్తున్నాం.

ఆరు వారాల నుంచి ఆరు నెలల మధ్య పిల్ల తినడం మానేసి, డీలా పడి, వాంతి చేసుకుంటుంటే అది పార్వో అనే వైరస్ జబ్బు కాదని పరీక్షలో తేలేదాకా పార్వో అనే అనుకోవాలి. రక్తం పడలేదు కదా అని ధైర్యం చెప్పుకుంటారు. రక్తం రెండో రోజో మూడో రోజో కనిపిస్తుంది, కొన్నిటికి అసలు కనిపించదు. 1978 ప్రాంతంలో ప్రపంచమంతా పాకిన ఈ వైరస్ పేగు లోపలి పొరను, ఎముక మజ్జనూ ఒకేసారి దెబ్బతీస్తుంది. పేగు గోడ ఊడిపోతే లోపలి సూక్ష్మజీవులు రక్తంలోకి దిగుతాయి. వాటితో పోరాడాల్సిన తెల్లకణాలు మజ్జలో తయారు కావు. పిల్ల చనిపోయేది నీరు తగ్గిపోవడం వల్ల, రక్తం విషమయం కావడం వల్ల, చక్కెర పడిపోవడం వల్ల. చికిత్స లేకపోతే చాలా పిల్లలు పోతాయి. తొలి రోజే సెలైన్ మొదలుపెట్టి కనిపెట్టుకుని ఉంటే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. ఇంత తేడా కొన్ని గంటల్లోనే పడుతుంది.

ఒక టీకా వేశాక కూడా ఎందుకొస్తుందని అడుగుతారు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కో వారం కరిగిపోతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల వయసు నిండేదాకా వేస్తారు. చివరి డోసు పడి రెండు వారాలు గడిచేదాకా వీధిలో వాసన చూడనివ్వకూడదు. పార్వో సోకిన మూడు నుంచి ఏడు రోజులకు, కొన్నిసార్లు రెండు వారాలకు లక్షణాలు బయటపడతాయి. అంటే మీ పిల్లకు కొన్నచోటే అంటి ఉండవచ్చు, మీ ఇంట్లోనూ అంటి ఉండవచ్చు.

ఇంత చిన్న పిల్లను పస్తు పెట్టకూడదు. కాలేయంలో దాచుకున్న చక్కెర కొన్ని గంటల్లోనే అయిపోతుంది. దారిలో పిల్ల మెడ వేలాడేస్తున్నా, వణుకుతున్నా కాస్త తేనె గానీ పంచదార పాకం గానీ వేలితో చిగుళ్లకు రాయండి. నోట్లో పోయకండి. ఉప్పు చక్కెర నీళ్లను సిరంజితో బలవంతంగా పట్టిస్తే కక్కే పిల్ల ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. ఒక జబ్బుకు రెండవుతాయి.

క్లినిక్‌కు వెళ్లేముందు ఫోన్ చేసి పార్వో అనుమానమని చెప్పండి. బయట కారులోనే చూస్తారు గానీ మిగతా పిల్లలున్న హాల్లో నేల మీద దించొద్దు. మలంతో చేసే కిట్ పరీక్ష పది పదిహేను నిమిషాల్లో తేలుతుంది. మొదటి రోజు నెగెటివ్ వచ్చినా డాక్టరు పార్వోగానే వైద్యం చేస్తే వాదించకండి, తొలి గంటల్లో ఆ పరీక్ష తప్పవచ్చు. పొద్దున గంట, సాయంత్రం గంట సెలైన్ పెట్టి ఇంటికి పంపే చోటు కన్నా రాత్రి కూడా మనిషి ఉండే చోటు దొరికితే అదే మేలు.

ఇల్లు కడగడం గురించి ఒక మాట. ఫినాయిల్‌తో ఈ వైరస్ చావదు, వాసన మాత్రం మన మనసుకు హాయినిస్తుంది. ముందు మలం పూర్తిగా ఎత్తేసి, సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాత ఒక పాలు ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్‌కు 30 పాళ్లు నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచండి. బ్లీచ్‌లో ఫినాయిల్, యాసిడ్ కలపొద్దు, వచ్చే వాయువు మీకే ప్రమాదం. మట్టి పెరట్లో వైరస్ నెలల తరబడి ఉంటుంది. టీకాలన్నీ పూర్తి కాని మరో పిల్లను ఆ ఇంటికి ఏడాది దాకా తేవొద్దు. ఇది మనుషులకు అంటదు, మన చెప్పులతో మాత్రం ఊరంతా తిరుగుతుంది.

ప్రశ్న: మా ఇండీ కుక్క నిన్న మామిడిటెంక మింగేసింది. ఈరోజు మామూలుగానే తింటోంది, మోషన్ కూడా అయింది. ఇక భయం లేనట్టేనా?
– రాజమహేంద్రవరం

జవాబు: లేదు. టెంక కడుపులో రోజులు, ఒక్కోసారి వారాలు ఊరికే పడి ఉండి, ఆ తర్వాత పేగులోకి జారి ఇరుక్కోవచ్చు. మింగిన ముచ్చట ఇంట్లోవాళ్లు మరిచిపోయాక వాంతులు మొదలవుతాయి. మోషన్ అయితే అడ్డు లేనట్టే అనుకోవడం కూడా పొరపాటు. అడ్డుకు దిగువన ఉన్నది ఎలాగూ బయటికి వస్తుంది. అడ్డు సగమే ఉంటే దాని పక్క నుంచి నీళ్ల విరేచనం కారుతుంది కూడా.

మింగడం కళ్లారా చూస్తే ఆ రోజే తీసుకెళ్లడం చవక. టెంక కడుపులో ఉండగా ఎండోస్కోపుతో తీయగలిగే వీలుండవచ్చు. పేగులో దిగాక కోత తప్పదు, ఆలస్యమైతే నల్లబడిన పేగు ముక్కను కూడా తీసేయాలి. ఎక్స్‌రేలో టెంక ఎముకలా తెల్లగా కనపడదు, అల్ట్రాసౌండ్ అడగండి. ఎక్స్‌రేలో ఏమీ లేదని పంపేస్తే, టెంక మింగడం చూశామని మరోసారి గట్టిగా చెప్పండి. తిరుపతి, గన్నవరం, హైదరాబాదు రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలలున్నాయి. ఊళ్లో పరికరాల్లేకపోతే అక్కడి బోధనాసుపత్రుల్లో విచారించండి.

ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయొద్దు. ఉప్పు ఎక్కువై కుక్క ఫిట్స్‌తో పోవచ్చు, పైకి వచ్చే టెంక గొంతులో ఇరుక్కోవచ్చు. మీ కుక్క ఎంత పెద్దది, టెంక ఎంత పెద్దది అన్నదీ ముఖ్యమే. రసం మామిడి చిన్న టెంక 35 కిలోల కుక్కలోంచి దాటిపోవచ్చు. బంగినపల్లి టెంక 12 కిలోల కుక్కలో దాటదు. మొక్కజొన్న పొత్తు బెండుకూ ఇదే లెక్క, ఇంకా మొండిది. ఆసనం నుంచి దారం, రిబ్బను, చీర పోగు వేలాడుతుంటే లాగొద్దు. రెండో కొస లోపల ఎక్కడో చుట్టుకుని ఉంటుంది, లాగితే పేగును రంపంలా కోస్తుంది. బయట ఉన్నంతవరకు కత్తిరించి బయల్దేరండి.

ఉడికిన కోడి ఎముకలు ఎక్కువగా తిన్న కుక్కకు మలం సుద్దముక్కలా తెల్లగా గట్టిపడి, ముక్కినా రాదు. ఆ ముక్కడం చూసి విరేచనాలనుకుని ఆగే మందు వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మగకుక్క అయితే అది ముక్కుతున్నది మలానికా మూత్రానికా అన్నది కూడా చూడండి. మూత్రం చుక్క కూడా రాకపోతే అది కడుపు జబ్బు కాదు, వెంటనే వెళ్లాల్సిన అడ్డు.

ఇంకొక హెచ్చరిక. గొంతులో ఏదో అడ్డుపడినట్టు నోరు తెరిచి, చొంగ కారుస్తూ, మింగలేకపోతున్న కుక్క నోట్లో చేయి పెట్టొద్దు. ముఖ్యంగా రేబిస్ టీకా లేని కుక్క, ఈ మధ్య వీధికుక్క కరిచిన కుక్క అయితే. గొంతులో ఎముక అనుకున్నది రేబిస్ కావచ్చు. చొంగ తగిలితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, మీరు ముందు మనుషుల ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: జర్మన్ షెపర్డ్, ఆరేళ్లు. రాత్రి తిన్నాక డోకుతోంది, ఏమీ రావడం లేదు, పొట్ట ఉబ్బింది. గ్యాస్ అనుకుని ఈనో కలిపి పట్టమన్నారు.
– విశాఖపట్నం

జవాబు: పట్టొద్దు. ఆ పొడి లోపల ఇంకా గ్యాస్ పుట్టిస్తుంది. లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో కడుపు ఉబ్బి తన చుట్టూ తానే మెలి తిరుగుతుంది. రెండు వైపులా మూసుకుపోతుంది కాబట్టి డోకినా ఏమీ రాదు, మహా అయితే తెల్లనురుగు వస్తుంది. కుక్క కుదురుగా పడుకోలేక అటూ ఇటూ తిరుగుతుంది. కడుపుకు, గుండెకు రక్తం తగ్గిపోతుంది. ఆపరేషన్ ఒక్కటే దారి, గడువు గంటల్లోనే. అర్ధరాత్రి అయినా ఆపరేషన్ చేసే చోటు ఏదో ముందే తెలుసుకుని ఫోన్‌లో నంబరు ఉంచుకోవాల్సింది ఇలాంటి దానికోసమే. గ్రేట్ డేన్, డాబర్‌మన్ ఉన్నవాళ్లు కూడా ఇది చదవండి. రోజు తిండి ఒకేపూట పెట్టకుండా రెండు మూడు పూటలుగా పెట్టండి, తిన్న వెంటనే పరుగెత్తించకండి.

ప్రశ్న: విరేచనాలకు మాకు వాడే మాత్రలు సగం చేసి వేయొచ్చా? ఓఆర్‌ఎస్, పెరుగన్నం, జాజికాయ అరగదీసి నాకించడం మంచిదేనా? మందుల షాపులో నార్‌ఫ్లాక్సాసిన్ కలిసిన మాత్ర ఇచ్చారు.
– ఒంగోలు

జవాబు: ఒక్కొక్కటిగా చెప్తాం. మనం విరేచనాలు ఆగడానికి వేసుకునే లోపరమైడ్ పేగు కదలికను ఆపేస్తుంది. విషమో, పార్వోనో లోపల ఉంటే దాన్ని బయటికి పోనివ్వకుండా తలుపు వేసినట్టే. కోలీ జాతికి, వాటి సంకరాలకు అది మెదడుకెక్కుతుంది. నార్‌ఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ లాంటివి మామూలు విరేచనానికి అసలు అక్కర్లేదు. చాలావాటికి యాంటిబయాటిక్ లేకుండానే మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. మెట్రోనిడజోల్ మోతాదు మించితే కుక్క తూలుతుంది, కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. వాంతులాపే ఒన్‌డాన్‌సెట్రాన్ మంచి మందే, డాక్టరే వాడతారు. కానీ టెంక ఇరుక్కున్న కుక్కకు ఇంట్లో వేస్తే వాంతి ఆగి జబ్బు దాక్కుంటుంది.

అన్నిటికన్నా చెడ్డవి ఒళ్లునొప్పులకు వేసేవి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండు పెట్టి, నీరు తగ్గిన కిడ్నీలను దెబ్బతీస్తాయి. విరేచనాలతో నీరసంగా ఉన్న కుక్కకు ఒళ్లు నొప్పులేమో అని సగం మాత్ర వేయడం అన్నిటికన్నా హానికరం. పారాసెటమాల్ కూడా సొంతంగా వేయొద్దు. జ్వరం 104 ఉండి, తిండి మానేసి, ముక్కు నుంచి రక్తమో చర్మం మీద ఎర్రచుక్కలో కనిపిస్తుంటే, ఆ మధ్య పిడుదులు పట్టాయంటే, అది పిడుదుల జ్వరం కావచ్చు. వాంతులు అందులో ఒక భాగం. రక్తపరీక్ష చేస్తే తప్ప తేలదు.

ఓఆర్‌ఎస్ పరవాలేదు. లీటరు ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, కుక్క తనంతట తాను తాగితేనే ఇవ్వండి. అరలీటరులో కలిపితే ఉప్పు ఎక్కువై విరేచనం పెరుగుతుంది. అట్టడబ్బాల్లో తియ్యగా అమ్మే పళ్లరసాలు దానికి బదులు కావు. పెరుగన్నం శాకాహారుల ఇంట్లో తేలికైన దారి. మెత్తటి అన్నంలో రెండు చెంచాల తాజా పెరుగు చాలు, తాలింపు వద్దు. గుమ్మడికాయ ఉడికించి ఒక చెంచా కలిపినా మలం గట్టిపడుతుంది. పాలు మాత్రం ఆపండి. జాజికాయ చంటిపిల్లలకు అరగదీసే అలవాటు మనకుంది గానీ కుక్కకు కాస్త ఎక్కువైనా వణుకు, మతిభ్రమ తెస్తుంది. మెంతులు, దానిమ్మతొక్క పొడి వల్ల పోయేదేమీ లేదు, వాటిని నమ్ముకుని రెండు రోజులు పోగొట్టుకోవడం వల్లే నష్టం.

ప్రశ్న: మిరపతోటలో కాపలా కుక్క. పొద్దున నోట్లోంచి చొంగ, నీళ్ల విరేచనం, కాళ్లు వణుకు. పాలు, కోడిగుడ్డు తాగించమంటున్నారు.
– గుంటూరు జిల్లా

జవాబు: చొంగ, కన్నీళ్లు, మూత్రం, విరేచనం అన్నీ కలిసి కారుతూ, కంటిపాప సూదిమొనంత చిన్నదై, కండరాలు అదురుతుంటే అది పురుగుమందు. పాలు, గుడ్డు, నూనె ఏదీ పట్టొద్దు. వణికే కుక్క మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒంటిమీద మందు పడితే చేతికి కవరు తొడుక్కుని సబ్బుతో కడగండి, నాకనివ్వద్దు. మందు డబ్బా లేదా దాని లేబుల్ పట్టుకెళ్లండి. ఆర్గానోఫాస్ఫేట్ అని దాని మీద రాసి ఉంటే డాక్టరు అట్రోపిన్ మొదలుపెట్టడానికి అరక్షణం చాలు.

ఎలుకలమందులు అన్నీ ఒకటి కావు. నల్లటి జింక్ ఫాస్ఫైడ్ పొడి కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు అవుతుంది. తిండి పెడితే ఆమ్లం ఊరి వాయువు పెరుగుతుంది కాబట్టి ఏమీ పెట్టకూడదు. కుక్క కక్కిన దాంట్లో వెల్లుల్లి, కుళ్లిన చేప వాసన వస్తే కారు అద్దాలన్నీ దించండి, ఆ గాలి మీకూ మంచిది కాదు. పసుపు భాస్వరం పేస్టు అయితే ఒకటి రెండు రోజులు తగ్గినట్టు కనిపించి తర్వాత కాలేయం దెబ్బతింటుంది. రంగు బిళ్లల్లా అమ్మే బ్రోమాడియోలోన్ తింటే ఆ రోజు వాంతి కూడా ఉండదు. మూడు నుంచి ఐదు రోజులకు చిగుళ్లలో, మలంలో రక్తం, ఆయాసం. రక్తం కనిపించేలోపు విటమిన్ కె1 మొదలుపెడితే కుక్క నిలబడుతుంది. అందుకే బిళ్ల తిన్నట్టు అనుమానం ఉంటే కుక్క ఎంత హుషారుగా ఉన్నా వెళ్లాలి. కుక్కను చూసి తేల్చుకోండని మొదటి జవాబులో చెప్పింది విషాల దగ్గర పనికిరాదు.

ఇంట్లో దొరికే విషాల్లో పాయసంలోని కిస్‌మిస్‌ను చాలామంది లెక్కలోకి తీసుకోరు. ద్రాక్ష, కిస్‌మిస్ కొన్ని కుక్కల కిడ్నీలను పాడుచేస్తాయి, ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. డార్క్ చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ కూడా ఈ కోవకే వస్తాయి.

ప్రశ్న: ఎనిమిదేళ్ల పొమరేనియన్ ఆడకుక్క, ఆపరేషన్ చేయించలేదు. నాలుగు రోజులుగా అప్పుడప్పుడు వాంతి, తిండి తగ్గింది, నీళ్లు మాత్రం విపరీతంగా తాగుతోంది. అజీర్తి మందు వేస్తే తగ్గలేదు.
– సికింద్రాబాద్

జవాబు: ఎదకు వచ్చి ఒకటి రెండు నెలలైందేమో గుర్తుచేసుకోండి. అవునంటే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. కింద చీము కారితే త్వరగా తెలిసిపోతుంది. దారి మూసుకుపోయిన రకంలో కారేదేమీ ఉండదు, పొట్ట కాస్త పెరుగుతుంది, ఈ వాంతులూ దాహమే గుర్తు. అల్ట్రాసౌండ్, రక్తపరీక్ష ఈరోజే. గర్భసంచి తీసేయడమే వైద్యం. అది కాదని తేలితే ఈ వయసులో కిడ్నీలు, షుగరు చూడాలి. వాంతితో పాటు నోట్లో అమ్మోనియా లాంటి ఘాటు వాసన వస్తే అది కిడ్నీ వైపు చూపిస్తుంది.

ప్రశ్న: పగ్ కుక్కను మధ్యాహ్నం మేడ మీద ఉంచి మరిచిపోయాం. విపరీతంగా రొప్పింది, వాంతి, ఎర్రటి విరేచనం. నీళ్లు పోశాక తేరుకుంది. ఆసుపత్రి అవసరమా?
– రామగుండం

జవాబు: అవసరమే. ఎండదెబ్బలో రక్తపు విరేచనం పేగు లోపలి పొర ఉడికినట్టు దెబ్బతిన్నదనడానికి గుర్తు. తేరుకున్నట్టు కనిపించిన కుక్కకు కూడా ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు మొరాయించవచ్చు, రక్తం గడ్డకట్టే గుణం పోవచ్చు. మీరు నీళ్లు పోయడం సరైన పనే. కుళాయి నీళ్లు, ఫ్యాను గాలి, ఒంటి వేడి 103కు దిగగానే తడపడం ఆపాలి. పగ్‌కు ముక్కు పొట్టి, రొప్పి చల్లబడే శక్తి తక్కువ.

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్‌కు ఏడాదిన్నర. నెలన్నరగా రోజుకు నాలుగైదుసార్లు పల్చగానే వెళ్తోంది. హుషారుగానే ఉంది, ఎంత పెట్టినా తింటుంది, కానీ పక్కటెముకలు తేలుతున్నాయి. పొద్దున పాలు అన్నం, రాత్రి కోడికాళ్లు పెడతాం.
– హనుమకొండ

జవాబు: మూడు వారాలు దాటిన విరేచనం వేరే లెక్క. అత్యవసరం కాదు, అలాగని వాయిదా వేసేదీ కాదు. ముందు పాలు ఆపండి, చాలా పెద్ద కుక్కలకు పాలలోని చక్కెర అరగదు. పది రోజుల్లో మార్పు లేకపోతే అది కారణం కాదు.

మలం ఎలా ఉంటోందో రాసి పెట్టుకోండి. ప్రతిసారీ ఎక్కువ పరిమాణంలో, బరువు తగ్గుతూ ఉంటే చిన్నపేగు. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ, బంక, చివర్లో ఎర్రటి చార, ముక్కడం ఉంటే పెద్దపేగు. మీరు రాసింది చిన్నపేగు వైపు ఉంది. ఈ జాతిలో, ఈ వయసులో, ఆబగా తింటూ చిక్కిపోతుంటే, మలం జిడ్డుగా బూడిదరంగులో ఉంటే క్లోమం అరిగించే రసాలు తయారు చేయడం లేదేమో చూడాలి. దానికి టీఎల్‌ఐ అనే రక్తపరీక్ష ఉంది. తేలితే జీవితాంతం తిండిలో ఎంజైము పొడి కలపాలి. ఖర్చు ఉంటుంది, కానీ కుక్క బరువెక్కుతుంది.

దానికన్నా ముందు నట్టలు, జియార్డియా అనే పేగులోని సూక్ష్మజీవి ఉన్నాయేమో చూడాలి. నట్టలమందు వేశాం కదా అంటారు. ఏ మందు, ఎంత బరువుకు వేశారో కావాలి. పిల్లలకు రెండు వారాల వయసు నుంచి పదిహేను రోజులకోసారి మూడు నెలల దాకా, తర్వాత ఆరు నెలల వరకు నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి వేయాలి. మలంలో బియ్యపు గింజల్లాంటివి కదులుతుంటే బద్దెపురుగు. ఏలికపాములకు వేసే పైరాంటెల్ దానికి పనిచేయదు, ప్రాజిక్వాంటెల్ కావాలి. బొచ్చులో గెంతుతూ తిరిగే ఫ్లీ పురుగుల బెడద వదిలించకపోతే బద్దెపురుగు మళ్లీ వస్తుంది.

పరీక్షకు మలం నేల మీద మట్టి అంటని భాగం, ఉసిరికాయంత తీసి మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో వేయండి. జియార్డియా రోజూ బయటపడదు కాబట్టి వరుసగా మూడు రోజుల నమూనాలు మేలు. డబ్బా మీద తేదీ, గంట రాయండి. నాలుగైదు గంటల్లో ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో ఉంచవచ్చు, పైన రెండు కవర్లు కట్టి, పెరుగు గిన్నెకు దూరంగా, కింది అరలో. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, గడ్డకడితే చూడాల్సిన జీవులు చితికిపోతాయి. వాటితో పాటు టీకాల పుస్తకం, కుక్క ఈనాటి బరువు, ఫోన్‌లో తీసిన రెండు మూడు ఫొటోలు తీసుకెళ్లండి. మలం ఎలా ఉందని డాక్టరు అడిగితే చేతులతో చూపించి చెప్పే అవస్థ తప్పుతుంది.